రోడ్డు మీద పడిన మనిషి దగ్గర మాజీ ఆటగాడు చేయవలసినవి, చేయకూడనివి

కబడ్డీ కోర్టులో సహచరుడు కింద పడితే మేము చేసే మొదటి పని అతని చంకల కింద చేతులు వేసి లేపడం. ముఖం మీద నీళ్లు చల్లి, కాలు లాగి, ‘ఏం కాలేదు, లేచి నడువు’ అని వీపు తట్టేవాళ్లం. కబడ్డీ ఆడిన పదకొండేళ్లలోనూ, ఆ తరువాత వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఇరవై ఆరేళ్లలోనూ ఈ అలవాటు నా చేతుల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, ఒకసారి మోటారు సైకిలు మీద నుంచి పడిన ముక్కూమొహం తెలియని యువకుడిని కూడా అలాగే లేపి, చెట్టు మొదట్లో కూర్చోబెట్టి, సీసాలో నీళ్లు తాగించాను. ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసిన వైద్యుడు వెన్నుపూస ఒకటి చిట్లిందని చెప్పి, ‘ఇతన్ని లేపి కూర్చోబెట్టింది ఎవరు?’ అని అడిగినప్పుడు నేను తల వంచుకొని నిలబడ్డాను. ఆ యువకుడు కొన్ని నెలలకు మామూలుగానే నడిచాడు. అందులో నా గొప్ప ఏమీ లేదు.

ఆ తరువాత ప్రథమ చికిత్స శిక్షణ తీసుకున్నాను. అక్కడ నేర్చుకున్నదానినీ, రోడ్డు మీద ఎదురైన మరికొన్ని సందర్భాలనూ కలిపి, ఆట మానేసిన నా తోటివారి కోసం ఇది రాస్తున్నాను. ప్రమాదం జరిగిన చోట గుమిగూడిన జనం కాస్త దిట్టంగా కనిపించే మనిషినే ముందుకు నెడతారు. ‘మీరు పట్టండి సార్’ అంటారు. మనకూ ఊరికే నిలబడటం చేతకాదు. అయితే అక్కడ మన బలం ఎత్తడానికి కాక మూడు పనులకే పనికొస్తుంది: కదలకుండా పట్టుకోవడానికి, గట్టిగా అదమడానికి, నలుగురికీ వినపడేలా మాట్లాడటానికి.

పరుగెత్తే ముందు

ప్రమాదం కనిపించగానే బండి ఆపి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తడం మనలాంటివాళ్లు ఎక్కువగా చేసే తప్పు. ముందు మన వాహనాన్ని రోడ్డు అంచు దాటించి నిలిపి, నాలుగు వైపులా మెరిసే హెచ్చరిక దీపాలు వేసి, దిగేటప్పుడు వెనుక వచ్చే బండ్లను చూసుకోవాలి. కారులో ఉండే ఎర్ర త్రికోణాన్ని ప్రమాద స్థలానికి వెనుక వైపు కనీసం 50 మీటర్ల దూరంలో, వేగంగా బండ్లు వచ్చే జాతీయ రహదారి అయితే 100 మీటర్లకు పైగా దూరంలో పెట్టాలి. త్రికోణం లేకపోతే మన వైపు అందరూ చేసినట్లు చెట్టు కొమ్మలు విరిచి వేయవచ్చు. రాత్రి పూట మాత్రం కొమ్మ కనిపించదు కనుక ఒక మనిషిని ఫోన్ టార్చితో రోడ్డు పక్కన, రోడ్డు మీద కాదు, నిలబెట్టాలి. తెగిన కరెంటు తీగ, కారిన పెట్రోలు, బోల్తాపడిన ట్యాంకరు ఉన్నాయేమో చూడకుండా దగ్గరికి పోకూడదు. తీగ బండికి తగిలి ఉంటే లోపలి మనిషి ఎంత అరుస్తున్నా విద్యుత్తు శాఖవారు సరఫరా ఆపేదాకా ముట్టుకోవడానికి లేదు.

తరువాత ఫోను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పసిపిల్లలకు కూడా తెలిసిన అంకె. అది వెంటనే దొరకకపోతే 112కు, జాతీయ రహదారి మీద అయితే 1033కు కూడా చేయవచ్చు. ఫోను చేసినవారు తడబడేది చోటు చెప్పడంలోనే. ‘సూర్యాపేట దాటినంక’ అంటే అంబులెన్సు డ్రైవరుకు ఇరవై కిలోమీటర్ల వెతుకులాట మిగులుతుంది. రోడ్డు పక్కన రాయి మీద అంకె చదివి చెప్పండి. పైభాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ రంగులో ఉంటే రాష్ట్ర రహదారి. మధ్యలో డివైడరు ఉన్న రోడ్డు మీద ఏ వైపో చెప్పడం మరింత ముఖ్యం. హైదరాబాదు–విజయవాడ రహదారినే తీసుకుంటే, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలలో ఏది దాటారో, విజయవాడ వైపు వెళ్లే దారిలో ఉన్నారో హైదరాబాదు వైపు దారిలో ఉన్నారో చెప్పితే చాలు, అంబులెన్సు అవతలి దారిలో వచ్చి, మనల్ని చూస్తూ ముందుకు పోయి, యూ టర్ను కోసం వెతుక్కునే అవస్థ తప్పుతుంది. ఎందరికి దెబ్బలు తగిలాయి, మాట్లాడుతున్నారా, ఊపిరి ఉందా, ఎవరైనా బండిలో ఇరుక్కున్నారా అన్నవి చెప్పి, అవతలివారు పెట్టేయమనేదాకా ఫోను పెట్టకూడదు. స్పీకరు వేసి నేల మీద పెడితే చేతులు ఖాళీగా ఉంటాయి.

ఇక్కడే గొంతు ఉపయోగపడుతుంది. ‘ఎవరైనా ఫోన్ చేయండి’ అంటే ఎవరూ చేయరు, లేదా పదిమందీ చేస్తారు. ‘నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు 108కి చెయ్యి, అమ్మా, మీరు పిల్లల్ని అటు తీసుకెళ్లండి, అన్నా, బండ్లను నువ్వు చూసుకో’ అని మనిషిని చూపించి పని అప్పగించాలి. కబడ్డీ కోర్టులో అంచున నిలిచే కార్నరు ఆటగాడికి ఒక్క కేకతో చెప్పినట్లే ఇదీ.

మనిషి పక్కన

పడిన మనిషి తల తిప్పకుండానే మనల్ని చూడగలిగేలా కాళ్ల వైపు నుంచి వెళ్లి, భుజాల మీద తట్టి, ‘తమ్ముడూ, వినపడుతోందా?’ అని గట్టిగా అడగాలి. పలికితే మొదట చెప్పవలసిన మాట ‘కదలకు, తల తిప్పకు, నేను ఇక్కడే ఉంటాను’ అన్నదే. మెడకు దెబ్బ తగిలి ఉండవచ్చన్న అనుమానం ప్రతి బైకు ప్రమాదంలోనూ ఉంచుకోవాలి. శిక్షణలో మాకు చూపించిన పద్ధతి ఇది: తల వెనుక మోకాళ్ల మీద కూర్చొని, మోచేతులు నేలకు ఆనించి, రెండు అరచేతులతో చెవుల పక్కగా తలను పట్టుకొని, అంబులెన్సు సిబ్బంది వచ్చి తీసుకునేదాకా అలాగే ఉండాలి. కబడ్డీలో కూతకు వచ్చిన రైడరు కాలి మడమ పట్టుకొని వదలకుండా వేలాడిన చేతులకు ఈ పని కష్టం కాదు. కానీ ఇందులో లాగడం లేదు, నొక్కడం లేదు, కేవలం ఆపడమే ఉంది, అందుకే మొదట్లో ఏమీ చేయనట్లు అనిపించి విసుగు పుడుతుంది.

హెల్మెట్ తీయాలా వద్దా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఊపిరి ఆడుతుంటే తీయవద్దు. ముందు అద్దం పైకెత్తి, గడ్డం కింద పట్టీ విప్పితే లేదా కోస్తే సరిపోతుంది. ఊపిరి ఆడకపోతేనే, లేదా నోట్లో వాంతి, రక్తం నిండి శుభ్రం చేయడానికి వీలు లేకపోతేనే తీయాలి. అప్పుడు కూడా ఒకరు మెడనూ దవడనూ కింద నుంచి ఆనించి పట్టుకోగా రెండోవారు నెమ్మదిగా తీయాలి.

నీళ్లు ఇవ్వకూడదు. దాహమని అతను అడుగుతాడు, చుట్టూ ఉన్న పెద్దవాళ్లు ‘గుక్కెడు నీళ్లకు కూడా నోచుకోలేదా’ అని మనల్ని తిడతారు. స్పృహ సరిగా లేని మనిషి గొంతులో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పైగా ఆసుపత్రిలో వెంటనే మత్తు ఇచ్చి ఆపరేషను చేయవలసి రావచ్చు. తడి గుడ్డతో పెదవులు అద్దండి. సోడా, కొబ్బరి నీళ్లు, టీ కూడా నీళ్ల కిందే లెక్క. గాయానికి పసుపు, కాఫీ పొడి అద్దడం, బెణికిందని తోచిన కీలును పట్టి లాగడం కూడా వద్దు. ఈ చివరిది ముఖ్యంగా మనవాళ్లకే చెబుతున్నాను, ఎందుకంటే ఆటలో తప్పిన భుజాలను అక్కడికక్కడే ఎక్కించిన పెద్దలను చూసి ఆ విద్య మనకూ వచ్చనుకుంటాం. విరిగిన ఎముక పక్కన రక్తనాళం ఉంటుందన్న సంగతి ఆ పెద్దలు మనకు చెప్పలేదు.

ప్రతిసారీ ప్రమాదమే అయి ఉండనక్కరలేదు. రోడ్డు పక్కన ఒంటరిగా పడి ఉన్న మనిషిని ‘తాగి పడ్డాడులే’ అని దాటిపోతాం. మధుమేహం మందులు వాడేవారికి రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు మాట తడబడి, అడుగు తూలి, అచ్చం తాగినవాడిలాగే కనిపిస్తారు. మెలకువగా ఉండి మింగగలిగితే చక్కెర గానీ, తీపి పానీయం గానీ ఇవ్వవచ్చు. మింగలేని స్థితిలో నోట్లో ఏదీ పెట్టకూడదు. నిజంగానే తాగిన వాసన వచ్చినా తలకు దెబ్బ తగలలేదని అర్థం కాదు. మూర్ఛ వచ్చి కొట్టుకుంటుంటే చేతిలో ఇనుప తాళాలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నలుగురు కలిసి అదిమి పట్టడం మన ఊళ్లలో నేటికీ జరుగుతున్నాయి. చేయవలసింది చాలా తక్కువ: పక్కనున్న రాళ్లు తీసివేసి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, గడియారం చూసుకొని, కొట్టుకోవడం తగ్గగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టడం. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే అది అత్యవసరం.

రక్తం, ఊపిరి

రెండేళ్ల కిందట కొర్లపహాడ్ టోల్ ప్లాజాకు కొంత ఇవతల, పాలు పోసి ఇంటికి పోతున్న ఒక వ్యక్తి మోపెడ్ మీద నుంచి పడ్డాడు. పాల క్యాను తగిలించే ఇనుప కొక్కెం తొడలో చీల్చుకుంటూ పోయింది. పంచె తడిసి రోడ్డు మీదికి రక్తం కారుతోంది. చుట్టూ నిలబడినవాళ్లలో ఒకరు ఆటోలో ఎక్కిద్దామన్నారు, మరొకరు తాడు కట్టమన్నారు. నేను నా భుజం మీది తువ్వాలును మడతలు పెట్టి గాయం మీద పెట్టి, చేతులు నిటారుగా ఉంచి, నా ఒంటి బరువు దాని మీద పడేలా రెండు అరచేతులతో అదిమాను. అంతే, ఆ తరువాత అంబులెన్సు వచ్చేదాకా నేను చేసిన పని ఇంకేదీ లేదు. తువ్వాలు తడిసినప్పుడు దాన్ని తీయకుండా పైన మరో గుడ్డ వేయించాను, ఎందుకంటే రక్తం ఆగిందో లేదో చూద్దామని ఎత్తిన ప్రతిసారీ అప్పుడప్పుడే కడుతున్న గడ్డ ఊడివస్తుంది. ‘సారూ, బర్లకు దాణ వెయ్యాలె’ అంటూ అతను లేవబోతుంటే ‘ఎన్ని బర్లున్నయి తమ్ముడూ, ఏది ఎక్కువ పాలిస్తది?’ అని అడుగుతూ కూర్చున్నాను. మాట ఎక్కడ మందగిస్తుందో, చెప్పిందే ఎక్కడ మళ్లీ చెబుతాడో గమనించడానికి కూడా ఈ కబుర్లు అక్కరకు వస్తాయి. ఆ మార్పును అంబులెన్సు సిబ్బందికి చెప్పాలి.

ఆటగాళ్ల కారులో ఎప్పుడూ ఉండే క్రేప్ బ్యాండేజీ ఇక్కడ పనికొస్తుంది: అదిమిన గుడ్డను అలాగే ఉంచి దాని మీద బిగువుగా చుట్టవచ్చు. నొప్పి తగ్గించే స్ప్రేను మాత్రం డిక్కీలోనే ఉంచండి. గాయంలో గాజు, ఇనుప చువ్వ గుచ్చుకొని ఉంటే పీకకుండా దానికి రెండు పక్కలా గుడ్డలు పేర్చి అదమాలి. చేతికో కాలికో తగిలిన గాయం నుంచి ఎంత అదిమినా రక్తం చిమ్ముతూనే ఉంటే, ప్రాణం పోతుందనిపించిన ఆ స్థితిలోనే, గాయానికి నాలుగు వేళ్ల పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ కట్టి కర్రతో మెలిపెట్టి రక్తం ఆగేదాకా బిగించాలి. సన్నని తాడు, వైరు కండను కోస్తాయి. కట్టిన సమయాన్ని కాగితం మీద రాసి అతని చొక్కాకు తగిలించాలి, మధ్యలో వదులు చేయకూడదు. చేతులకు తొడుగులు లేకపోతే ప్లాస్టిక్ కవర్లయినా వేసుకోండి. మన చేతి మీద తెరిచిన గాయం ఉండి పరాయి రక్తం తగిలితే సబ్బు నీళ్లతో కడుక్కొని, ఆలస్యం చేయకుండా, 72 గంటల లోపే వైద్యుడిని కలవాలి.

పిలిచినా పలకని మనిషి ఊపిరి తీస్తున్నాడా లేదా అని పది సెకన్లకు మించకుండా ఛాతీ వైపు చూడాలి. చేప గట్టున పడినట్లు అప్పుడొకటి అప్పుడొకటి వచ్చే ఎగశ్వాసను ఊపిరిగా లెక్కించకూడదు. అది గుండె ఆగిపోతున్న సూచన. అప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్య ఎముక మీద ఒక అరచేతి మడమ, దానిపై రెండోది ఉంచి, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ముప్పై నొక్కులకు 15 నుంచి 18 సెకన్లు పట్టాలని గుర్తుంచుకుంటే వేగం తప్పదు. శిక్షణ ఉన్నవారు ముప్పైకి రెండు సార్లు నోటితో ఊపిరి ఇస్తారు; లేనివారు ఆపకుండా నొక్కితే చాలు. దండీలు తీసిన అలవాటుతో మనం మోచేతులు వంచి భుజబలంతో నొక్కుతాం, నిమిషానికే ఆయాసపడతాం. మోచేతులు వంచకుండా, భుజాలు అరచేతులకు సరిగ్గా పైన ఉండేలా వంగి, నడుము నుంచి బరువు దించాలి. ప్రతి నొక్కు తరువాత ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి.

ఎంత దిట్టమైనవాడైనా రెండు నిమిషాలకు ఒకసారి మరొకరికి అప్పగించాలి. ‘నేను చేయగలను’ అన్న పంతం అక్కడ పనికిరాదు, అలసిన చేతుల నొక్కు లోతు తగ్గుతుంది, ఆ సంగతి నొక్కేవాడికే తెలియదు. మనలో చాలామందికి మోకాళ్లు పోయి ఉంటాయి కూడా. నా ఎడమ మోకాలి లిగమెంటు ఎప్పుడో తెగింది. తారు రోడ్డు మీద మోకరిల్లితే నిమిషం ఉండలేను. అందుకని కారులోని కాళ్ల మ్యాటు తెచ్చి కింద వేసుకుంటాను. ఆట మానేసి ఇరవై ఏళ్లయినవాడికి గుండె కూడా పాతబడుతుందని మరచిపోయి, ఛాతీలో పట్టేసినట్లు ఉన్నా ఆపకుండా నొక్కితే అంబులెన్సులో రెండు మంచాలు కావలసి వస్తాయి.

ఎప్పుడు కదిలించాలి

మంట, నీళ్లు, ఆపలేని వాహనాల రాకపోకలు: ఈ మూడింటిలో ఒకటి ఉంటే వెన్నెముక సంగతి పక్కన పెట్టి ముందు బయటికి తీయవలసిందే. 2022 డిసెంబరు 30 తెల్లవారుజామున రూర్కీ దగ్గర క్రికెటర్ రిషభ్ పంత్ కారు డివైడరును ఢీకొన్నప్పుడు హర్యానా రోడ్‌వేస్ బస్సు డ్రైవరు, కండక్టరు ఆయనను కారు నుంచి దూరంగా తెచ్చారు; ఆ తరువాత కారు పూర్తిగా కాలిపోయింది. అక్కడ కదిలించకూడదన్న నియమం పట్టుకొని కూర్చోవడం తెలివితక్కువ అయ్యేది.

ఏ ముప్పూ లేని చోట మాత్రం వాంతి చేసుకుంటున్నవారినీ, ఊపిరి ఉన్నా స్పృహ లేనివారినీ పక్కకు తిప్పడానికి తప్ప కదిలించకూడదు. తిప్పేటప్పుడు తల, మెడ, నడుము ఒకే దూలంలా కదలాలి. ఒకరు తల పట్టుకొని, మిగతా ముగ్గురు భుజం, తుంటి, మోకాళ్ల దగ్గర కూర్చొని, తల పట్టుకున్నవారు ‘ఒకటి, రెండు, మూడు’ అన్నప్పుడే అందరూ కలిసి తిప్పాలి. కబడ్డీలో చేతులు పట్టుకొని చైను కట్టినప్పుడు ఒకడు ముందే దూకితే ఏమవుతుందో తెలిసినవారికి దీన్ని వివరించనవసరం లేదు. ఆటోలో మడిచి కుక్కడం మాత్రం ఎంత తొందరలోనూ వద్దు. అంబులెన్సుకు ఆలస్యం తప్పదని 108 వారే చెబితే, వెనుక భాగం చదునుగా ఉన్న బండిలో చెక్క మీద గానీ, బిగువైన దుప్పటి మీద గానీ పడుకోబెట్టి, తల పట్టుకున్న మనిషిని అలాగే కూర్చోబెట్టి తీసుకువెళ్లాలి.

కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయం

ఈ భయం గురించి తేల్చి చెప్పవచ్చు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, సాయపడినవారి రక్షణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను దేశమంతటా తప్పక పాటించాలని ఆదేశించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ద్వారా 134ఏ సెక్షను వచ్చింది: ప్రతిఫలం ఆశించకుండా, మంచి మనసుతో సాయం చేసిన వ్యక్తి పొరపాటు వల్ల క్షతగాత్రుడికి హాని జరిగినా అతనిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు గానీ, ఆసుపత్రి గానీ బలవంతపెట్టకూడదు. సాక్షిగా ఉండటం మన ఇష్టం. డబ్బు కట్టేదాకా పోనిచ్చేది లేదని ఆసుపత్రి మనల్ని ఆపకూడదు. ప్రమాదంలో గాయపడినవారికి ముందు వైద్యం చేయవలసిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మే 5న వచ్చిన కేంద్ర పథకం కింద, నిర్ణయించిన ఆసుపత్రుల్లో ప్రమాద తేదీ నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స అందుతుంది. ఆసుపత్రి కౌంటరులో దీన్ని అడగండి, బంధువులకు అప్పటికి ఆ స్పృహ ఉండదు.

వారి ఇంటికి ఫోను చేయడం అన్నిటికంటే కష్టం. అతని ఫోనులో చివరగా మాట్లాడిన అంకెకు చేసి, మీరెవరో చెప్పి, ‘చిన్న ప్రమాదం జరిగింది, ఫలానా ఆసుపత్రికి తీసుకువెళ్తున్నారు, నెమ్మదిగా బయలుదేరండి, బండి వేరేవాళ్లను నడపమనండి’ అని చెప్పాలి. ప్రాణానికి ఏమీ కాదని హామీ ఇవ్వకూడదు, ఏదో అయిపోయినట్లు మాట్లాడకూడదు. ‘మాట్లాడుతున్నాడా?’ అని అడిగితే ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఫోను, పర్సు, పాసుపుస్తకాలు వంటివి నలుగురి ముందు లెక్కబెట్టి అంబులెన్సు సిబ్బందికో పోలీసులకో అప్పగించాలి. పాలు పోసే అతని నడుముకు కట్టుకున్న సంచిలో ఆ పూట వసూలైన చిల్లర ఉంది; దాన్ని ఇద్దరు ఊరివాళ్ల చేత లెక్కపెట్టించి, అంకె కాగితం మీద రాయించి ఇచ్చాను.

అంబులెన్సు వెళ్లిపోయాక చేతులు వణుకుతాయి. వెంటనే స్టీరింగు పట్టకుండా పావుగంట కూర్చొని, చేతులు కడుక్కొని, మీరు నీళ్లు తాగండి. బయలుదేరే ముందు త్రికోణం తీసుకొని, రోడ్డు మీద వేసిన కొమ్మలనూ, ఎవరో అడ్డంగా పెట్టిన రాళ్లనూ ఏరి పక్కకు పడేయండి; చీకటిపడ్డాక ఆ రాయి మీదికి మరో మోటారు సైకిలు వస్తుంది.